పిండి ప్యాకెట్టు మీద నేను వేయించిన మాట

మంగళవారం, పగలు పదకొండు గంటల పది నిమిషాలు. పిండి గిర్ని మోటారు అప్పుడే ఆపాను, ఆపినప్పుడల్లా గోడ గడియారం చూడటం నాకు అలవాటు, కాబట్టి ఆ నిమిషం నాకు గట్టిగా తెలుసు. ఆ నిమిషంలో నేను ఒక మాట చెప్పబోయి ఇంకొక మాట చెప్పాను, ఈ పత్రిక చదివే సహోదరులారా! చెప్పించినవాడు దేవుడేనని నమ్ముతున్నాను. అయితే అంతకుముందు అన్ని నెలలు ఆయన ఎందుకు ఊరుకున్నాడో నాకు ఇప్పటికీ పూర్తిగా తెలియదు, తెలిసినట్టు నటించి రాయను.

నా పేరు ఏసోబు. కోస్గి దగ్గర మా ఊరిలో ముప్పై ఏండ్లుగా పిండి గిర్ని నడుపుతున్నాను. జొన్నలు, గోధుమలు, మిరపకాయలు, ఎవరు ఏది తెస్తే అది పట్టి ఇస్తాను. యాభై ఒకటో ఏడు వచ్చేదాకా నాకు అక్షరం ముక్క రాదు. మా పాస్టరమ్మ కరుణమ్మ గారు చర్చిలో చాప పరిచి, పగలంతా పని చేసి వచ్చిన మా బోటివాళ్ళను కూర్చోబెట్టి, పలకల మీద దిద్దించి, తర్వాత వాక్యం, అంటే బైబిలు, చేతిలో పెట్టి చదివించారు. నేను చదివిన మొదటి పుస్తకం అదే, చాలా ఏండ్లు చదివిన ఒకే ఒక పుస్తకం కూడా అదే. ఈ సంగతి గుర్తుంచుకోండి, నా తప్పంతా ఇక్కడినుంచే మొదలైంది. అచ్చులో ఉన్నదంటే అది దేవుని మాట, దేవుని మాట అంటే నిజం, ఇంతే నాకు తెలిసింది. నాతోపాటు అదే చాప మీద కూర్చుని నేర్చుకున్న సహోదరి దీవెనమ్మకు కూడా అంతే తెలుసు. ఆమె భర్త పోయిన మనిషి, పత్తి చేనుకు కూలికి పోతుంది, నాకంటే తొందరగా అక్షరాలు పట్టుకుంది.

ఇక చీకటి కాలం చెప్తాను. నా భార్య సుగుణమ్మకు దగ్గు పట్టుకుంది. ఎండిన కట్టె అయిపోయింది, ముద్ద నోట్లో పెడితే నిలవదు, నీళ్ళు తాగితే నిలవవు, మంచంలో ఆమె ఉన్నదో లేదో దుప్పటి ఎత్తి చూడాల్సి వచ్చేది! దవాఖానలో ఊపిరితిత్తుల జబ్బు అన్నారు, ఆరు నెలలు రోజూ గోలీలు మింగాలన్నారు. ఆ గోలీలు వేసుకుంటే కడుపులో తిప్పి మళ్ళీ వాంతి. నేను గిర్ని మూసేసి ఆమె మంచం కోడు పట్టుకుని ఏడ్చేవాణ్ణి. "ప్రభువా, నాకు పిండి పట్టుడు తప్ప ఏది రాదు, నేనేం జెయ్యాలె, నువ్వే ఏదన్న జెప్పు" అని ప్రార్థన చేశాను. ప్రార్థన చేస్తుంటే మా అవ్వ చేసే జావ గుర్తొచ్చింది. తైదలు, అంటే పట్నం వాళ్ళు రాగులంటారు, వాటిని నానబెట్టి బట్టలో మూట కట్టి మొలకలు వచ్చాక నీడన ఆరబెట్టి, జొన్నలు, పెసర్లు దోరగా వేయించి కలిపి మెత్తగా పట్టి జావ కాచాను. అది నిలిచింది! మొదటి రోజు చెంచాడు నిలిచింది, తర్వాత గిన్నెడు నిలిచింది. జావ నిలిచింది కాబట్టి గోలీలు నిలిచాయి. ఆరు నెలలు తిరిగేసరికి సుగుణమ్మ లేచి నా మీద అరిచే స్థితికి వచ్చింది, స్తోత్రం!

అయితే చర్చిలో నిలబడి సాక్ష్యం చెప్పినప్పుడు నేను ప్రార్థన చెప్పాను, జావ చెప్పాను, గోలీలు చెప్పలేదు. మరిచిపోయి కాదు. గోలీల మాట కలిపితే సాక్ష్యం చిన్నబోతుందేమో అనిపించింది. దేవుని మహిమ తగ్గకూడదని నేను అనుకున్నాను, నిజం చెప్పాలంటే నా ప్రార్థన మహిమ తగ్గకూడదని అనుకున్నాను. ఇంటికి వచ్చాక సుగుణమ్మ చెంబుతో నీళ్ళు ఇస్తూ అన్నది, "ఏమయ్యా, గోలీలు మింగి మింగి నాలిక చేదెక్కింది నాది, సాక్ష్యం జెప్పింది నువ్వు, ఒక్క గోలీ పేరన్న రాలే నీ నోట్లకెళ్ళి!"

"దేవుడు జేసిన కార్యం జెప్తుంటే నడుమ గోలీలెందుకే" అన్నాను.

"గోలీలు దయ్యం జేసిందా మరి?" అన్నది.

నేను జవాబు చెప్పలేదు. భార్య అడిగే ప్రశ్నలకు జవాబు చెప్పని మగవాళ్ళు ఈ పత్రిక చదివేవాళ్ళలో చాలామంది ఉన్నారు, నాకు తెలుసు.

ఆ సాక్ష్యం విన్నవాళ్ళు ఆ పిండి మాకూ పట్టి ఇమ్మన్నారు. మా సంఘంలో ఇచ్చాను, పక్క ఊరి సంఘాలలో అడిగారు, మక్తల్ నుంచి ప్రార్థన కూడికలకు వచ్చినవాళ్ళు మూటలు కట్టుకుపోయారు. కోస్గిలో ఒక దుకాణం ఆయన, "పెద్దాయనా, నీ పిండి మంచిగున్నది, ప్యాకెట్లు కట్టి తెస్తే అమ్మిపెడతా, గని లైసెన్సు నంబరు లేనిదే నేను ముట్ట" అన్నాడు. పద్నాలుగు అంకెల నంబరట, తినే వస్తువు ఏది తయారు చేసి అమ్మినా ప్యాకెట్టు మీద ఆ నంబరు ఉండాలట. ముప్పై ఏండ్లు ఊరందరికీ పిండి పట్టినవాణ్ణి, ఇప్పుడు నేను పిండి పట్టవచ్చునో లేదో కాగితం చెప్పాలా అని కోపం వచ్చింది, కానీ సరే అన్నాను.

ప్యాకెట్టు మీద అంటించడానికి చీటీలు అచ్చు వేయించాలి. ఏం రాయాలి? నాకు వచ్చిన భాష వాక్యం భాషే. కూర్చుని, పలక మీద రాసి, చెరిపి, మళ్ళీ రాసి, అచ్చుకు ఇచ్చాను. పైన పెద్ద అక్షరాలతో "స్వస్థత పిండి". కింద "సకల రోగములను పోగొట్టును". నా చేతితో నేను రాసిన మాట అచ్చులో చూసుకుని ఎంత మురిసిపోయానో చెప్పలేను! జొన్నలు పట్టించడానికి వచ్చిన కుర్మయ్య, మేకలు కాసుకునే నా పాత దోస్తు, మన సంఘం మనిషి కాదు, ఆ చీటీ నాతో చదివించుకుని విని, "సకల రోగాలా అన్నా? నా మోకాళ్ళ నొప్పి గూడ లిస్టుల ఉన్నదా, ఇడిసిపెట్టినవా?" అన్నాడు. నేను నవ్వలేదు. వాణ్ణి ఎగతాళి చేసేవాళ్ళ లెక్కలో వేశాను.

కోస్గిలో ఆన్‌లైన్ కాగితాలు నింపే దుకాణం శిరీష అనే అమ్మాయిది. నాది చిన్న పని కాబట్టి పెద్ద లైసెన్సు అక్కరలేదు, రిజిస్ట్రేషన్ చాలు అని చెప్పింది, రెండింటికీ తేడా నాకు అర్థం కాలేదు, నంబరు వస్తే చాలన్నాను. ఆధారు, నా ఫోటో, గిర్ని ఫోటో, నీళ్ళ పరీక్ష కాగితం, చీటీ నమూనా అన్నీ పంపింది. కొన్ని రోజులకు అది వెనక్కి వచ్చింది. ఇంగ్లీషులో ఉన్నది. నేను తెలుగు చదువుతానని ఆ అమ్మాయికి తెలుసు, మర్యాద చేసి తెలుగులో ఒక కాగితం మీద రాసి ఇచ్చింది. "ప్యాకెట్టు మీది రోగ నివారణ ప్రకటన తొలగించాలి. తొలగిస్తేనే నంబరు."

నేను అక్షరం అక్షరం కూడబలుక్కుని చదివాను, ముందరి మాటల మీద నా మనసు నిలవలేదు. "ప్రకటన తొలగించాలి." సహోదరులారా, మనకు తెలిసిన ప్రకటన ఏది? సువార్త ప్రకటన! నలభై ఏండ్లుగా ఆదివారం ఆదివారం మనం వినే ప్రకటన అదొక్కటే. దానిని తొలగించాలని సర్కారు కాగితం చెప్తున్నది! "గిదేందమ్మా, దేవుని ప్రకటన తీసెయ్యమంటున్నరా?" అని అడిగాను.

శిరీష కంప్యూటరులోనుంచి తల ఎత్తకుండానే, "అవును తాతా, గా ప్రకటన తీసేస్తె అయిపోతది, ఒక్క లైనే గదా" అన్నది. ఆ అమ్మాయి చెప్పిందొకటి, నేను విన్నదొకటి.

ఒక్క లైనే! ఒక్క లైను కోసమే భక్తులు సింహాల బోనుల్లోకి పోయారు కదా అనుకున్నాను. ఆ కాగితం తీసుకుపోయి ఆదివారం చర్చిలో చదివాను. సంఘం అంతా కదిలిపోయింది. ఆరోను అనే సహోదరుడు, మేస్త్రీ పని చేస్తాడు, మంచి గొంతు, లేచి అపవాదిని గద్దించి ప్రార్థన చేశాడు. మూడు శుక్రవారాలు ఉపవాసం పెట్టుకున్నాం, లైసెన్సు ఆఫీసు మీద ఉన్న ఆటంకపు ఆత్మ తొలగిపోవాలని! కరుణమ్మ గారు మాత్రం మెల్లగా నా దగ్గరికి వచ్చి, "అన్నా, ఆ ప్రకటన ఈ ప్రకటన ఒకటి కాదేమో, పేపర్లల్ల సబ్బులకు గూడ ప్రకటన అంటరు" అన్నారు.

"అమ్మా, అక్షరాలు నేర్పింది నువ్వే, ఇప్పుడు అర్థాలు మార్చేది నువ్వేనా?" అన్నాను. అందరి ముందు అన్నాను. ఆ రోజు ఆమె ముఖం చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. నేను చీటీ మార్చలేదు, నంబరు లేకుండానే సంఘాలలో ప్యాకెట్లు ఇస్తూ పోయాను. ప్రతి రోజూ, "ప్రభువా, నీ పేరు నిలబెడుతున్న, నువ్వు నన్ను నిలబెట్టు" అని ప్రార్థించేవాణ్ణి. ఆయన ఏ జవాబూ ఇవ్వలేదు. నేను దానిని పరీక్ష అనుకున్నాను. ఇప్పుడు ఆలోచిస్తే జవాబు కాగితం మీద రాసి నా జేబులోనే ఉన్నది.

ఇట్లా ఉండగా ఒక రోజు పగటి పూట పత్తి చేనులో దీవెనమ్మ పడిపోయింది. తోటి కూలీలు ఆటోలో వేసుకుని కోస్గి దవాఖానకు తీసుకుపోతే అక్కడ కాదన్నారు, మహబూబ్‌నగర్ పెద్ద దవాఖానకు పంపారు. నేను, సుగుణమ్మ, కరుణమ్మ గారు బస్సు ఎక్కి పోయాము. షుగరు కొండెక్కి కూర్చుందట, ఇంకొంచెం ఆలస్యమైతే మనిషి దక్కేది కాదట. రెండు రోజులకు కండ్లు తెరిచింది. డాక్టరు వచ్చి మంచం దగ్గర నిలబడి గట్టిగానే అడిగాడు.

"ఏమమ్మా, ఎనిమిదేండ్ల సంది షుగర్ గోలీలు వేసుకుంటున్నవు గదా, ఎందుకు బంద్ జేసినవు? ఎవరు బంద్ జెయ్యమన్నరు?"

"ఎవ్వరు జెప్పలే సార్" అన్నది దీవెనమ్మ. ఆ గొంతులో అంత నీరసంలోనూ గర్వం ఉన్నది. "నేనే చదివిన. ప్యాకెట్ల రాసున్నది, సకల రోగములను పోగొట్టును అని. ఇరవై దినాలు పొద్దుగాల, పగటీలి, మాపటీలి, బెల్లమేసుకొని తాగిన. నాకెవ్వరు చదివి జెప్పలే సార్, నా కండ్లతోనే చదివిన."

డాక్టరు తల పట్టుకున్నాడు. నేను మంచం అవతలి వైపు నిలబడి ఉన్నాను. దీవెనమ్మ నన్ను చూసి నవ్వింది, నేను సంతోషిస్తాననుకుంది! ఒకే చాప మీద కూర్చుని నేర్చుకున్నాం కదా, చూడన్నా నేను తప్పు లేకుండా చదివాను అన్నట్టు నవ్వింది. నేను వరండాలోకి వచ్చి గోడకు ఆనుకుని కూర్చున్నాను. కరుణమ్మ గారు వెనకాలే వచ్చారు. నేను జేబులోని శిరీష కాగితం తీసి చూపించాను. ఆమె చదివి, "అన్నా, సువార్త జోలికి ఎవ్వరు రాలే. రోగం పోతదని రాయొద్దన్నరు, గంతే. గిదే, గిట్ల అయితదనే రాయొద్దన్నరు" అన్నారు.

అప్పుడు నాకు కలిగిన గందరగోళం ఎట్లా చెప్పాలి! ఆటంకపు ఆత్మ అని మేము గద్దించింది ఎవరిని? మూడు శుక్రవారాలు ఆకలితో ఉండి మేము ఎవరికి వ్యతిరేకంగా ప్రార్థన చేసినట్టు? ఆ లైసెన్సు ఆఫీసు నా మాటను ఆపకపోతే దీవెనమ్మవంటి వాళ్ళు ఇంకెంతమంది? అట్లయితే మా ప్రార్థన దేవుడు వినకపోవడమే మాకు మేలా? మరి సుగుణమ్మ బతికింది దేవుని వలన కాదా? గోలీల వలన అంటే నేను దేవుణ్ణి కాదన్నట్టా? దేవుని వలన అంటే గోలీలను కాదన్నట్టా? ఒక ముడి విప్పితే ఇంకొకటి. "ప్రభువా, నేను నీ మాటనే గదా రాసిన, నీ మాట మనిషిని పడగొడుతదా?" అని అడిగాను. మళ్ళీ నేనే, "నీ మాట గాదు, నా మాట. నా మాటనే నీ మాట లెక్క రాసిన" అన్నాను. అట్లా రోజుల తరబడి నాలో నేనే వాదులాడుకున్నాను. తినలేదు. సుగుణమ్మ, "గోలీల పేరు జెప్పనందుకు దేవుడు నిన్ను గోలీ మింగినట్టు జేసిండు" అన్నది. ఆమె అట్లానే మాట్లాడుతుంది.

మీరు అనుకుంటారు, అప్పుడే పశ్చాత్తాపపడి చీటీలు చించేసి ఉంటాడని. లేదు. నేను మొండివాణ్ణి, పిరికివాణ్ణి కూడా. దీవెనమ్మ పడిపోవడానికి ముందే, చీటీ మార్చకుండానే, శిరీషతో మళ్ళీ దరఖాస్తు పెట్టించి ఉన్నాను, ఆఫీసరు స్వయంగా గిర్ని చూడటానికి వస్తారని కబురు వచ్చింది. ఆఫీసరు వచ్చిన రోజు సంఘమంతా వచ్చి ఈ పిండి వలన మాకు మేలు కలిగిందని సాక్ష్యం చెప్పాలని నేనే అందరినీ పిలిచి ఉన్నాను. వద్దు రాకండి అని చెప్పడానికి నోరు రాలేదు. చెప్తే ఎందుకో చెప్పాలి, ఎందుకో చెప్తే గోలీల మాట చెప్పాలి. రోజులు గడిచిపోయాయి, మంగళవారం వచ్చింది.

ఆఫీసరు ఆడపిల్ల, మా మనవరాలి వయసు ఉంటుంది. చేతిలో ఫైలు, జుట్టు మీద బట్ట కట్టుకుని మరీ లోపలికి వచ్చింది. అప్పటికి గిర్ని నిండా మావాళ్ళే, జొన్న బస్తాల మీద, గడప మీద, బయట కానుగ చెట్టు కింద. ఆమె తిరగలి చూసింది, మొలకలు కట్టే బట్టలు చూసింది, నీళ్ళ డ్రమ్ము మూత ఎత్తి చూసింది, పైకి చూసి, "పెద్దయ్యా, పైన పావురాలు ఉన్నయి, ఇనుప జాలీ కొట్టించాలె, పిండిల ఈకలు పడ్తయి" అన్నది. నేను మోటారు ఆపాను. గడియారం చూశాను. ఆమె ప్యాకెట్టు ఒకటి తీసి చీటీ చదివి నా వైపు తిరిగి మామూలుగానే అడిగింది.

"ఈ పిండి దేనికి పని చేస్తది?"

ఇంతే అడిగింది. ఆరోను దగ్గాడు, సిద్ధంగా ఉన్నానన్నట్టు. నేను నోరు తెరిచాను, "దేవుడు దీని ద్వారా స్వస్థపరుస్తున్నాడు" అని చెప్పడానికే తెరిచాను, ఒట్టు పెట్టకూడదు గానీ అది నిజం. అంతలో నాకంటే ముందు దీవెనమ్మ లేచింది. దవాఖాన నుంచి వచ్చి ఐదు రోజులు కూడా కాలేదు, చేతికి సూది గుచ్చిన చోట నల్లగా కమిలి ఉన్నది.

"మేడం, నాకు షుగర్ ఉండె. గీ పిండితోటే పోయింది. మా ఏసోబన్నకు నంబరియ్యిండ్రి."

"స్తోత్రం!" అన్నారు అందరూ.

సహోదరులారా, ఆమె అబద్ధం ఆడింది నా కోసం. అబద్ధమని తనకు తెలుసో తెలియదో, నా కోసం తనను తాను నమ్మించుకుందో, నాకు ఆ రోజూ తెలియలేదు, ఈ రోజూ తెలియదు. ఆ ఆఫీసరు అమ్మాయి ఆ మాట నమ్మితే నాకు నంబరు వస్తుంది. నంబరు వస్తే దీవెనమ్మ రేపటినుంచి మళ్ళీ గోలీలు మానేస్తుంది. నేను చెప్పబోయిన మాట గొంతులోనే ఉన్నది. బయటికి వచ్చింది వేరే మాట.

"దీవెనమ్మా, కూసో" అన్నాను. "మేడం, గామె చెప్పింది నిజం గాదు. షుగర్ పోలే. గీ చీటీ చదివి గోలీలు బంద్ జేసి సావుదాక పొయ్యొచ్చింది. ఆ చీటీ రాసింది నేను. ఇది పిండి మేడం, తినే పిండి. మందు గాదు. మా ఆమె ఆరు నెలలు గోలీలు మింగింది, గామాట నేను ఎవ్వరికి జెప్పలే."

అందరూ ఒక్కసారే మాట్లాడటం మొదలుపెట్టారు. ఆరోను, "ఏసోబన్నా, పిలిచి మరీ మా పరువు తీస్తివి గదనే!" అన్నాడు. ఎవరో ఏడ్చారు. దీవెనమ్మ ఏడ్వలేదు, నా వైపు చూసి, "గంతమందిల నన్ను అబద్ధాలదాన్ని జేస్తివి. నేను చదివింది తప్పా అన్నా?" అన్నది.

"నువ్వు చదివింది తప్పు గాదు చెల్లే. నేను రాసిందే తప్పు."

ఆ మాట అన్న తర్వాత నా ఛాతీ మీదనుంచి తిరగలి రాయి దించినట్టయింది, దేవునికే మహిమ! అయితే సంతోషం కలగలేదు, అది కూడా చెప్పాలి. విడుదల అంటే సంతోషం వస్తుందనుకున్నాను, నాకు సిగ్గు వచ్చింది, చెమట వచ్చింది, ఆకలి వేసింది. చాలా రోజుల తర్వాత ఆకలి వేసింది.

ఆఫీసరు అమ్మాయి అందరూ చల్లబడేదాకా ఆగి, "పెద్దయ్యా, మా ఆఫీసుకు అందరు మా పిండి మంచిదనే చెప్పడానికొస్తరు. నాది తప్పని చెప్పిన మనిషిని నేను చూడలే" అన్నది. అని ఊరుకోలేదు, తన పని తాను చేసింది. చీటీ మీద ఆ రెండు మాటలూ కొట్టేసింది, జాలీ కొట్టించమని రాసింది, ఏ ఏ గింజలు ఎంతెంత కలిపామో, ఏ రోజు పట్టామో, ఎన్ని రోజులు నిలవ ఉంటుందో వేయమన్నది. అప్పటిదాకా మూలకు కూర్చున్న కుర్మయ్య లేచి, "అన్నా, మందు గాదంటివి గదా, ఇగ నాకో రెండు ప్యాకెట్లియ్యి. మందంటే నాకు భయం" అన్నాడు. ఆఫీసరు కూడా నవ్వింది.

జాలీ కొట్టించాను. నెల తిరిగేలోపు నంబరు వచ్చింది. శిరీష పద్నాలుగు అంకెలూ పెద్దగా రాసి ఇచ్చింది. కొత్త చీటీ మీద "తైదల పిండి" అని మాత్రమే వేయించాను. మిగిలిపోయిన పాత చీటీలు కట్టలు కట్టలు ఉన్నాయి, స్వస్థత అనే మాటను పొయ్యిలో వేయడానికి చేయి రాలేదు, ఏం చేయాలో తోచలేదు, కరుణమ్మ గారు తీసుకుపోయి వాటి వెనక వైపు కొత్తగా నేర్చుకునే ఆడవాళ్ళతో అక్షరాలు దిద్దిస్తున్నారు. సంఘాలలో కొనేవాళ్ళు తగ్గారు. స్వస్థత లేని పిండి మాకెందుకని ఒకాయన ముఖం మీదే అన్నాడు. కోస్గి దుకాణంలో పోతున్నాయి. దీవెనమ్మ నెల రోజులు నాతో మాట్లాడలేదు. ఒక ఆదివారం తనే వచ్చి, గోలీల చీటీ నా చేతిలో పెట్టి, "గిది సదువు, పొద్దున ఒకటా రెండా, డాక్టర్ రాత నాకు అర్థమైతలేదు" అన్నది. నాకూ అర్థం కాలేదు. ఇద్దరం కలిసి మందుల దుకాణానికి పోయి అడిగాము.

ఇప్పుడు మీలో ఎవరైనా, ఇంతకీ సుగుణమ్మను బతికించింది ఎవరు అని అడిగితే, దేవుడే అంటాను. ఎట్లా అని అడిగితే నాకు తెలియదు. గోలీలలో ఉండి చేశాడా, జావలో ఉండి చేశాడా, మంచం కోడు పట్టుకుని నేను ఏడ్చిన ఏడుపులో ఉండి చేశాడా, నేను విడదీయలేను. ఇంతకుముందు తెలుసునని రాశాను, దాని ఫలం చూశాను. సుగుణమ్మను అడిగాను. "బతికిన గదా, ఇంక ఎట్లా ఏందని కైఫియతులెందుకు, బస్తా దించు" అన్నది.

ప్రియ సహోదరీ సహోదరులారా, మీరు ఏ జబ్బులో ఉన్నా, ఏ కాగితం వెనక్కి వచ్చి గుమ్మంలో కూర్చున్నా, ఆయనను నమ్మండి. అర్థమైతేనే నమ్ముతాననకండి, నాకు అర్థం కాకుండానే ఆయన నన్ను ఒడ్డుకు తెచ్చాడు. గోలీలు వేసుకునేవాళ్ళు వేసుకుంటూ నమ్మండి. సాక్ష్యం చెప్పేటప్పుడు దేనినీ దాచకండి, దాచిన చోటే ఎవరో ఒకరు కాలు జారి పడతారు. ఆయనను కాపాడటానికి మన అబద్ధం అక్కరలేదు.

ఆ మంగళవారం గిర్నిలో ఉన్నవాళ్ళు వీళ్ళు, కావాలంటే ఎవరినైనా అడగండి. ఆఫీసరమ్మ, ఆమె పేరు అడగడం మరిచిపోయాను. ఫైలు మోసుకొచ్చిన ఆమె డ్రైవరు. కాగితాలు పట్టుకుని శిరీష. పాస్టరమ్మ కరుణమ్మ గారు. మేస్త్రీ ఆరోను, ఇప్పటికీ నా మీద కొంచెం కోపంగానే ఉన్నాడు. కుర్మయ్య, బయట అతని మేకలు. బస్తాల మీద కూర్చున్న సంఘపు ఆడవాళ్ళు సంతోషమ్మ, రాహేలు, చిన్న మరియమ్మ. గడప మీద నా భార్య సుగుణమ్మ, చేటలో తైదలు చెరుగుతూ. ఇంకా దీవెనమ్మ. ఈ పత్రిక ఆమె ఇంటికి కూడా వస్తుంది, ఎవరి సాయం లేకుండా తన కండ్లతోనే చదువుతుంది.